పొదుపంటే కోత కాదు

"పొదుపు చేయాలి" అని ఇంట్లో అమ్మానాన్నలు, బడిలో మాస్టార్లు, హాస్టల్లో వార్డెన్ సార్లు అందరూ చెబుతుంటారు. మరి పొదుపంటే ఏమిటి? తక్కువ ఖర్చు పెట్టడమే పొదుపని చాలామంది అనుకుంటారు. ఈ మాట సగమే నిజమని మా అభిప్రాయం. పెట్టిన రూపాయికి ఎంత ఫలితం వచ్చిందో కూడా చూడాలి.

చిన్న తరగతుల తమ్ముళ్ళకు అర్థమయ్యేలా ఒక లెక్క చెబుతాం. 60 రూపాయల చెప్పులు 2 నెలలకే తెగిపోయాయనుకుందాం. నెలకు 30 రూపాయలు పడినట్లు. 150 రూపాయల చెప్పులు 10 నెలలు వస్తే నెలకు 15 రూపాయలే. అంటే ధర ఎక్కువైనా రెండో జతే చవక. కానీ చేతిలో 150 లేని కూలి తల్లిదండ్రులు 60 రూపాయలవే కొంటారు. 10 నెలల్లో 5 జతలకు 300 పెడతారు. లెక్క రాక కాదు, ఒకేసారి అంత డబ్బు లేక. అందుకే హాస్టళ్ళకు ఇచ్చే దుప్పట్లు, ట్రంకు పెట్టెలు నాణ్యమైనవిగా ఉండాలని మేము కోరుతున్నాం. ఒకసారి మంచివి కొంటే ప్రభుత్వానికీ లాభమే.

ఇంకో లెక్క. 60 వాట్ల పాతరకం బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 30 రోజులకు 9 యూనిట్ల కరెంటు కాలుతుంది. దాదాపు అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు 1.35 యూనిట్లు చాలు. ఇదీ అసలైన పొదుపు. స్టడీ అవర్లో లైట్లే ఆర్పేస్తే బిల్లు ఇంకా తగ్గుతుంది, కానీ చదువు ఆగిపోతుంది. దాన్ని కోత అనాలి.

భోజనం విషయమూ అంతే. కోడిగుడ్డు మానేస్తే డబ్బు మిగులుతుంది. కానీ గుడ్డులోని సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు పిల్లలకు అందవు. అదే పప్పు ముందుగా నానబెట్టి, గిన్నెపై మూత పెట్టి వండితే గ్యాస్ మిగులుతుంది, పళ్ళెంలో పప్పు మాత్రం తగ్గదు.

మిత్రులారా! మన వంతు మనం చేద్దాం. నీళ్ళు కారే కుళాయి కట్టేద్దాం. ట్యాంకు నింపిన మోటారు కరెంటు కూడా ఆ నీటితోనే పోతుంది. తినగలిగినంతే వడ్డించుకుందాం. ఖాళీ గదిలో ఫ్యాను ఆపుదాం. అలాగే "ఖర్చు తగ్గించాం" అని ఎవరు చెప్పినా, "దానివల్ల పిల్లలకు ఏం తగ్గింది?" అని మర్యాదగా అడుగుదాం. ఏమీ తగ్గకపోతే చప్పట్లు కొడదాం. పళ్ళెంలోనో, చదువులోనో తగ్గితే అది పొదుపు కాదని ధైర్యంగా చెబుదాం.

– పదవ తరగతి విద్యార్థులు