కెమెరాకి కళ్ళున్నాయి సరే, చెవుల సంగతేంటి?

మనవాళ్ళు కామ్‌కార్డర్ కొనే పద్ధతి ఎప్పుడైనా గమనించారా? సెన్సర్ సైజెంత, ఆప్టికల్ జూమ్ ఎంత, 4కె ఉందా, చెయ్యి వణికితే తట్టుకుంటుందా... పది మోడళ్ళు ఎక్సెల్ షీట్లో పక్కపక్కన పెట్టి వారం రోజులు లంచ్ టేబుల్ దగ్గర రివ్యూ మీటింగులు నడుపుతారు. ఆ షీట్లో "మైక్ జాక్ ఉందా?" అనే కాలమ్ మాత్రం నేనింతవరకూ చూడలేదు. తక్కువ రేటు మోడళ్ళు చాలావాటికి అది ఉండనే ఉండదు, కొన్నాక గానీ తెలీదు.

నా వాదన ఒక్కటే. ఇంట్లో మనుషుల్ని తీయడానికి కెమెరా కొనేవాడు ముందు మైకు సంగతి తేల్చుకోవాలి, ఆ తర్వాతే కెమెరా. అతిశయోక్తి అంటారా? బొమ్మ మసగ్గా ఉన్నా అమ్మమ్మ మాట స్పష్టంగా వినిపించే వీడియోని పదిసార్లు చూస్తాం. 4కెలో ధగధగా మెరుస్తూ ఫ్యాను గరగర తప్ప ఇంకేం వినపడని వీడియోని ఒక్కసారి కూడా పూర్తిగా చూడం.

ఈ జబ్బు మనకి కొత్తేం కాదు. 1994లో తీయించిన మా అక్క పెళ్ళి క్యాసెట్ మూడు గంటలుంటుంది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్నీ ఉన్నాయి, మాటలు తప్ప. వీడియో తీసినాయన అసలు సౌండంతా తీసేసి సినిమా పాటలు అతికించాడు. మా తాతయ్య అందులో చేతులు తిప్పుతూ ఎవరికో ఏదో చెప్పి పకపకా నవ్వుతుంటాడు. వెనకాల డ్యూయెట్! ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. అప్పుడంటే వీడియో ఆయన్ని తిట్టుకున్నాం. ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది కదా, ఎవర్ని తిడదాం?

"కెమెరాలోనే మైకుందిగా!" అంటారు. ఉంది. ఎక్కడుంది? కెమెరా మీద. మాట్లాడే మనిషెక్కడ? ఎనిమిదడుగుల అవతల. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. అడుగు దూరంతో పోలిస్తే ఎనిమిదడుగుల దగ్గర 18 డెసిబెల్స్ పోయినట్టే. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. గ్రానైట్ నేల, బోసి గోడలు, పైన ఫ్యాను. ఇక మాట బావిలోంచి వచ్చినట్టు కాక ఇంకెలా వస్తుంది? దీనికి తోడు ఆటో గెయిన్ ఒకటి. మనిషి మాట ఆపగానే అది లెవెల్ పెంచేసి ఫ్యానుని ముందుకి తోస్తుంది.

కొంచెం తెలిసినవాళ్ళు చేసే పని ఇంకోటుంది. కెమెరా నెత్తిన పొడుగాటి షాట్‌గన్ మైకు బిగిస్తారు. చూడ్డానికి న్యూస్ చానెల్ వాళ్ళలా భలే ఉంటుంది. ఆరుబయట అది బాగానే పనిచేస్తుంది, కాదనను. నాలుగ్గోడల మధ్య ప్రతిధ్వని ముందు నుంచీ వస్తుంది, దాన్ని ఆ మైకు ఆపలేదు. అయినా అది కెమెరా మీదున్నంత కాలం దూరం అదే ఎనిమిదడుగులు. అక్కడున్న ఎనిమిది వేల మైకు కన్నా చొక్కా గుండీ దగ్గరున్న ఎనిమిది వందల మైకే నయం.

కాబట్టి కూర్చుని మాట్లాడే మనిషికి వైరున్న కాలర్ మైకు కొనండి. బోయా బివై-ఎం1 లాంటిదానికి 6 మీటర్ల వైరు, చిన్న బటన్ బ్యాటరీ ఉంటాయి. ఇంటి హాలుకి అది చాలు. కొనేముందు రెండు చూసుకోండి. ఒకటి, ప్లగ్గు. మామూలుగా దాని మీద రెండు నల్ల గీతలుంటే కామ్‌కార్డర్ రకం, మూడుంటే ఫోను రకం. ఫోను కోసమే చేసినదైతే ఎడాప్టర్ కావాల్సి రావచ్చు. రెండోది, కరెంటు. కొన్ని మైకులకి జాక్ నుంచే కొద్ది వోల్టులు అందాలి. మీ కెమెరా ఇవ్వకపోతే బ్యాటరీ ఉన్న మైకే తీసుకోండి. 48 వోల్టులడిగే స్టూడియో మైకుని నేరుగా గుచ్చి "పని చెయ్యట్లేదు" అంటే తప్పు దానిది కాదు. పట్టుచీర కొంగుకి మైకు రాసుకుంటే బరబరమంటుంది, కొంచెం పక్కకి పెట్టండి.

వైర్‌లెస్? తిరుగుతూ మాట్లాడేవాళ్ళకి బాగుంటుంది. కానీ చవకవి చాలావరకూ వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ లోనే నడుస్తాయి. వందల ఫోన్లున్న ఫంక్షన్ హాల్లో దాని మీదే భారం వెయ్యకండి.

"ఈ రోజుల్లో కామ్‌కార్డర్ ఎవడు కొంటాడు, ఫోనుందిగా" అనేవాళ్ళకీ ఇదే మాట. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ పోయింది గానీ ఛార్జింగ్ పోర్టుకి తగిలించే మైకులు దొరుకుతున్నాయి. దూరం లెక్క ఫోనుకైనా అదే.

ఇక మన ఏఐ భక్తులు. "తర్వాత క్లీన్ చేసేద్దాం బాస్!" ఫ్యాను హోరు తీసేస్తుంది, ఒప్పుకుంటా. ప్రతిధ్వనిలో కలిసిపోయిన అక్షరాన్ని ఎక్కణ్ణించి తెస్తుంది? ఊహించి పెడుతుంది. అప్పుడు వినేది అమ్మమ్మ గొంతు కాదు, అమ్మమ్మ గొంతు లాంటిది. చెత్త ఇన్‌పుట్ ఇస్తే చెత్త అవుట్‌పుట్టే వస్తుందని రోజూ క్లయింట్లకి చెప్పేది మనమే కదా?

పైగా టెస్ట్ చెయ్యకుండా రెండు లైన్ల కోడ్ కూడా ప్రొడక్షన్లో పెట్టని మనం, అరగంట రికార్డింగుకి ముందు ముప్ఫై సెకన్లు తీసి హెడ్‌ఫోన్స్‌లో వినం. కోడ్‌లో బగ్ వస్తే ప్యాచ్ వేసుకోవచ్చు. తొంభై ఏళ్ళావిడ చెప్పిన కథకి ప్యాచ్ ఏది?

కాదంటారా? అయితే మీ హార్డ్ డిస్కులో ఉన్న వందల గిగాబైట్లలోంచి మీ నానమ్మ మాట్లాడిన ఒక్క నిమిషం, ప్రతి మాటా అర్థమయ్యేది, వెతికి వినిపించండి. ఆ తర్వాత పిక్సెల్స్ గురించి మాట్లాడుకుందాం.