కన్వెన్షన్ సెంటరా, కల్యాణ మంటపమా?

అమరావతికి పెద్ద కన్వెన్షన్ సెంటరు కావాలన్న మాట మళ్ళీ వినిపిస్తోంది. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మా తుళ్ళూరు మిత్రుడు "కడితే పదివేల మంది పట్టేట్టు కట్టాలి గురూ, హైదరాబాదు కుళ్ళుకోవాలి" అన్నాడు. వాళ్ళ నాన్నగారు పూలింగులో పొలం ఇచ్చారు. కాబట్టి వాడికిది సరదా కబురు కాదు. నా పేచీ ఆ పదివేలతోనే.

సర్వర్లతో తిప్పలుపడే మనకి ఈ జబ్బు కొత్త కాదు. ఒకప్పుడు మా క్లయింటు ఒకాయన పండగ సేలు రోజు వచ్చే లోడుని చూసి మెషీన్లు కొనిపించాడు. ఆ మూడు రోజులూ బ్రహ్మాండం. తర్వాత ఏడాదంతా అవి ఈగలు తోలుకున్నాయి, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వచ్చింది. హాలు కూడా అంతే. లోపల మనుషులున్నా లేకపోయినా ఏసీ ప్లాంటు, లిఫ్టులు, ఫైర్ సిస్టమ్, సెక్యూరిటీ తింటూనే ఉంటాయి.

పీక్ లోడుని అద్దెకి తెచ్చుకోవచ్చని మనవాళ్ళే చూపించారు కదా. 2023 మార్చిలో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్, 2025 నవంబరులో సీఐఐ భాగస్వామ్య సదస్సు, రెండూ విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో తాత్కాలిక హాళ్ళు వేసి జరిపారు. ప్రభుత్వం మారింది, మైదానం మారలేదు :) 2024 అక్టోబరులో డ్రోన్ సమ్మిట్ మంగళగిరిలో ఉన్న సీకే కన్వెన్షన్‌లోనే జరిగిపోయింది. జనం చెప్పుకున్న 5,500 డ్రోన్ల షో అయితే విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర, ఆకాశంలో. దానికి ఏ హాలూ అక్కర్లేదు.

అలాగని అసలు వద్దనడం లేదు. ఏడాదికి ఒకసారి వచ్చే ముఖ్య అతిథి కోసం కాకుండా, మామూలు మంగళవారం కోసం కట్టమంటున్నా. ఓ ఆరేడొందల మంది డాక్టర్ల సదస్సో, టెక్ కాన్ఫరెన్సో అనుకోండి. వాళ్ళకి కావలసింది పదివేల కుర్చీలు కాదు. అడ్డుగోడలు జరిపి చిన్నగా పెద్దగా మార్చుకునే హాలు, సరుకు లారీ నేరుగా వెనక్కి వచ్చి ఆగే చోటు, నడిచి వెళ్ళేంత దూరంలో హోటల్ గదులు.

హైదరాబాదు హెచ్ఐసీసీ నిలబడ్డది వీటివల్లే. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్‌తో మొదలై, అదే మే నెలలో ఏడీబీ సమావేశం, 2010లో గణిత శాస్త్రవేత్తల అంతర్జాతీయ కాంగ్రెస్, 2012లో జీవవైవిధ్య సదస్సు చూసింది. స్తంభాల్లేని ఐదువేల మంది హాలు గురించి అందరూ చెప్తారు. దాన్ని ఆరు ముక్కలు చెయ్యొచ్చన్న సంగతి, పక్కనే హోటలుందన్న సంగతి ఎవరూ చెప్పరు. ఇంకోటి: సైబర్ టవర్స్ 1998లోనే వచ్చింది. అంటే కంపెనీలు ముందు, హాలు ఎనిమిదేళ్ళ తర్వాత. మనం తిరగేసి చదువుతున్నాం.

హైదరాబాదు చేసిన తప్పూ ఉంది. హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చింది 2019లో, ఈ హాలు గుమ్మం దాకా ఇప్పటికీ రాలేదు. ఢిల్లీ వాళ్ళు 2023 సెప్టెంబరు 17న ద్వారకలో యశోభూమిని ప్రారంభించిన రోజే దాని ముందు మెట్రో స్టేషనూ ప్రారంభించారు. దానికి ఖర్చు తక్కువేం కాదు, కానీ వరస సరిగ్గా ఉంది.

ఇక అమరావతికి ప్రత్యేకంగా ఓ భయం ఉంది. 2019లో పనులు ఆగాక సచివాలయ టవర్ల పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానాయి. 2024లో ఐఐటీ నిపుణులొచ్చి అవి పనికొస్తాయా లేదా అని పరీక్షించాల్సొచ్చింది. నల్లరేగడి నేల, పక్కనే కొండవీటి వాగు. ఇక్కడ సగం కట్టి ఆపితే మిగిలేది సగం హాలు కాదు, చెరువు. అందుకే ముందు రెండువేల మందికి సరిపడా కట్టి, తాళం తీసి వాడుకోవాలి. పక్కన స్థలం వదిలి, బుకింగులు నిండాక రెండో ఫేజుకి వెళ్ళాలి. ప్రభుత్వం మారినా మొదటి రిలీజు మాత్రం నడుస్తూనే ఉంటుంది. జనరేటర్లూ, సబ్‌స్టేషనూ సెల్లారులో పెట్టొద్దని వేరే చెప్పాలా?

ప్రైవేటు వాళ్ళకిస్తే మరో తంటా. ఖాళీ రోజులకి అద్దె రావాలంటే దగ్గరి దారి పెళ్ళిళ్ళే. ఇప్పటికే శుభలేఖల మీద 'ఫంక్షన్ హాల్' పోయి 'కన్వెన్షన్' వచ్చేసింది. పెళ్ళిళ్ళు తప్పని నేననను, కానీ చౌకగా భూమి తీసుకున్నది సదస్సుల పేరు మీదైతే, ఏడాదిలో ఎన్ని రోజులు సదస్సులకి, ఎంత అద్దెకి అన్నది ఒప్పందంలో అంకెలతో ఉండాలి. అక్కడ 34 వేల ఎకరాలకి పైగా భూమి ఇచ్చినవాళ్ళు ప్లాట్లు పట్టుకుని కూర్చున్నారు. ముహూర్తాల రోజుల్లో వచ్చిపోయే కార్లతో వాళ్ళ వీధిలో ఓ టిఫిన్ సెంటరు కూడా బతకదు.

ఇదంతా మావాడికి చెప్పాను. పెరుగన్నం కలుపుకుంటూ ఓపిగ్గా విన్నాడు. చివర్లో "రెండువేలే అంటే ఎలాగురా, మా చెల్లి పెళ్ళికి మా వైపు వాళ్ళే మూడువేలు వస్తారు" అన్నాడు.