ఛాత్రోపాధ్యాయులకు అండ ఏది?

తుక్కుగూడ పరిసరాల నుంచి ఉపాధ్యాయ శిక్షణకు వెళ్తున్న మన అమ్మాయిలను చూస్తే సంతోషం కలుగుతుంది. వారిలో చివరిదాకా నిలదొక్కుకునేది ఎందరన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవడం లేదు.

2014 నాటి జాతీయ నిబంధనల ప్రకారం బి.ఎడ్. రెండేళ్ల కోర్సు. అందులో 20 వారాలు పాఠశాలల్లో గడపాలి. అసలు పరీక్ష అదే. ఒకే గదిలో రెండు మూడు తరగతులు, ఎంతకీ ఆగని అల్లరి, నిలదీసే తల్లిదండ్రులు. గొంతు పెగలక ఇంటికొచ్చి ఏడ్చే అమ్మాయికి మనమిచ్చే సలహా ఒక్కటే: సబర్ చెయ్యి. సబర్ గొప్ప గుణమే. కాని తోడు లేనివారికి అది నోరు మూసుకొమ్మన్న మాటగానే వినిపిస్తుంది. పాఠ్యప్రణాళిక రికార్డులను ముత్యాల్లాంటి అక్షరాలతో నింపించే కళాశాలలు (గుమాస్తాగిరీ చేసిన మాకు రికార్డుల విలువ తెలియనిది కాదు) వారానికొక గంట ఆ పిల్లల గోడు వినలేవా? పాఠం ఎక్కడ చెడిందో అనుభవజ్ఞులు పక్కన కూర్చుని చెబితే, మర్నాడు అదే తరగతికి వెళ్లే ధైర్యం వస్తుంది.

ఆపై నిరీక్షణ. 2017 నోటిఫికేషన్ పరీక్ష తర్వాత మరొకటి జరిగింది 2024 జులైలోనే. అప్పుడు 11,062 పోస్టులు. ఉర్దూ మాధ్యమంలో రిజర్వు చేసిన పోస్టులు ఆయా వర్గాల్లో ఉర్దూ చదివినవారు లేక ఖాళీగా మిగులుతుంటే, అర్హులు బయట నిలబడుతున్నారు. దీనికి ఓర్పు మందు కాదు, ప్రభుత్వమే తేల్చాలి.

విశ్రాంత ఉపాధ్యాయులు మన మొహల్లాల్లోనే ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దరేసి ఛాత్రోపాధ్యాయుల బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాము. ఆదివారం రెండు గంటలు, ఎవరింటి వరండా అయినా చాలు.