మన నర్సరీలో రాత ఎందుకు లేదంటే



వేసవి సెలవులు ముగిసి బళ్ళు తెరిచే వేళకు ఆసుపత్రి ఆవరణలో ఉన్న మన నర్సరీ నుండి నలుగురు పిల్లల పేర్లు తీయించుకున్నారు. కారణం అడిగితే ఒక తల్లి మొహమాటపడుతూనే ఉన్నమాట చెప్పింది. "ఏమీ అనుకోకండి సిస్టరమ్మా, ఏడాది పొడుగునా మావాడు ఇసుకలో ఆడుకున్నాడు. ఎదురింటి పిల్ల దసరాకల్లా ఏబీసీడీలు మొత్తం రాసేసింది. మావాడికి ఒక్క ముక్క రాదు." తరువాతి ఆదివారం సంఘ పెద్దలు కూడా ఇదే మాట అడిగారు. మనం కూడా కాపీ రాత, హోంవర్కు పెడితే పిల్లలు నిలుస్తారు కదా అన్నారు. అందుకని పిల్లల వార్డులో పనిచేసే మేమూ, నర్సరీ చూసుకొనే వారమూ కలిసి మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా, ఆ తల్లిని మేము తప్పుపట్టడం లేదు. కూలి డబ్బుల్లోంచి చీటీ కట్టి, ఆ చీటీ పాడి ఫీజు కడుతున్న మనిషి ఆమె. తనకు రాని చదువు బిడ్డకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదని ఆమె భయం. ఆ భయం న్యాయమైనదే. దానికి దొరుకుతున్న మందు మాత్రం సరైనది కాదని మా అభిప్రాయం.

చేతి సంగతి చూడండి. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డకు ఎక్స్‌రే తీస్తే వాటిలో ఒక్కటీ కనబడదు. అప్పటికి అవి చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి పదార్థమే. మూడేళ్ళకు మూడో నాలుగో గట్టిపడతాయి. ఆఖరుది గట్టిపడేసరికి బిడ్డ అయిదో తరగతికి అటూ ఇటూ ఉంటాడు. పిల్లల వయసు అంచనా వేయడానికి మణికట్టు ఎక్స్‌రే తీసేది అందుకే. రాయడానికి ఎముకలొక్కటే చాలవు. వేళ్ళ కండలకు బలం రావాలి, కంటికీ చేతికీ పొందిక కుదరాలి. సుమారు మూడేళ్ళకు బిడ్డ చూసి సున్నా గీయగలడు. నాలుగేళ్ళకు కూడిక గుర్తు, అయిదేళ్ళకు నలుపలకల పెట్టె వస్తాయి. త్రికోణం ఇంకా తరువాత. కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు గాని వరుస చాలావరకు ఇదే. ఏటవాలు గీత అన్నిటికంటే కష్టం. మరి ఏ, కే, ఎక్స్ అనే అక్షరాల నిండా ఉన్నవి ఏటవాలు గీతలే! మూడేళ్ళవాని చేయి పట్టుకొని అవి రాయించేది టీచరమ్మ చేయే గాని వాని చేయి కాదు. మన తెలుగు అక్షరాలు సున్నాలోంచి పుట్టినట్టుంటాయి కనుక కొంత నయం. అయినా వాటికీ తొందర లేదు.

అయితే ఇసుకలో ఏమి నేర్చుకున్నాడు? ఒక ఉదయం మన నర్సరీలో జరిగేది చెబుతాము. రాగానే చెప్పులు విప్పి వరుసలో పెట్టాలి. ఏది కుడి చెప్పో, ఏది ఎడమ చెప్పో చూసి పెట్టడానికి కొందరికి రెండు నెలలు పడుతుంది. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకే కుళాయి, పదిమంది పిల్లలు. తన వంతు వచ్చేదాకా ఆగడం మూడేళ్ళ ప్రాణానికి చాలా పెద్ద పని. కొందరు పెద్దలకే బస్సు దగ్గర అది చేతకాదు. ఇసుకలో తడిది నిలుస్తుంది, పొడిది జారుతుంది. చిన్న గ్లాసులు ఎన్ని పోస్తే పెద్ద డబ్బా నిండుతుందో వాడే లెక్కపెడతాడు. చింతగింజలు, గవ్వలు వేరు చేసి గిన్నెల్లో వేసేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుంటాడు. రేపు పెన్సిలు పట్టేది ఆ రెండు వేళ్ళతోనే కదా. మట్టి పిసకడం, తాటాకు మడవడం, తడిగుడ్డ పిండడం, ఇవన్నీ రాతకు ముందు రాతలే.

ఆ తరువాత కథ. ఆయమ్మ నక్క కథ చెబుతూ మధ్యలో ఆపి "ఇప్పుడు నక్క ఏం చేస్తది?" అని అడుగుతుంది. ఒకడు పారిపోతుందంటాడు, ఇంకొకతె ఏడుస్తుందంటుంది. ఇంట్లో మాట్లాడే మాటలోనే ఆలోచించి, కారణం చెప్పి, ఎదుటివాడి మాట విని జవాబిస్తున్నారు. ఇంగ్లీషు వద్దని మేము అనము. కావలసిందే. కాని సొంత భాషలో నాలుగు వాక్యాలు కలిపి చెప్పగల బిడ్డకు రెండో భాష ఎక్కించడం సులువు. అర్థం తెలియకుండా ఇంగ్లీషు పాట అప్పజెప్పే బిడ్డకు పాట మాత్రమే వస్తుంది. ఈ విషయంలో మేమూ తక్కువ తినలేదు. వార్షికోత్సవానికి రంగుల బట్టలు తొడిగి, మైకు ముందు నిలబెట్టి, ఏడుస్తున్న పిల్లలచేత పాటలు చెప్పించి, ఫోటోలు తీయించుకున్న ఏళ్ళు మాకూ ఉన్నాయి.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. మూడున్నరేళ్ళ బాబును జలుబని రెండుసార్లు మా ఓపీకి తెచ్చారు. రెండుసార్లూ మందు రాసి పంపాము. బాబు మాట ఆలస్యమైందని తల్లి అన్నది. మగపిల్లలకు కొంచెం ఆలస్యమవుతుందిలే అన్నాము. వానిని నర్సరీలో చేర్చిన మూడో వారంలో ఆయమ్మ మా దగ్గరికి వచ్చింది. "ముందు నిలబడి పిలిస్తే పలుకుతాడండీ, వెనకనుంచి పిలిస్తే పలకడు. మొండి అనుకున్నా గాని మొండి కాదు" అన్నది. చెవులు పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. వైద్యం అయ్యాక మాట పుంజుకున్నది. మేము అయిదు నిమిషాలు చూశాము, ఆమె రోజుకు మూడు గంటలు చూసింది. తోటి పిల్లల మధ్య చూసింది గనుకనే తేడా కనిపెట్టగలిగింది. కాపీ పుస్తకం ముందు తలవంచుకొని కూర్చున్న ముప్పైమందిలో ఆ బాబు బుద్ధిమంతుడని పేరు తెచ్చుకొని ఉండేవాడు.

ఆసుపత్రికీ నర్సరీకీ ఉన్న ఈ సంబంధం కొత్తది కాదు. లండనులోని డెప్ట్‌ఫర్డ్ అనే పేదల పేటలో మార్గరెట్, రేచెల్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్ళు 1910లో పిల్లలకు వైద్యశాల తెరిచారు. నయం చేసి పంపిన పిల్లలు అదే మురికిలోకి వెళ్ళి అదే జబ్బుతో తిరిగి వస్తున్నారు. దానితో 1914లో తోటలో, ఆరుబయట, చిన్నపిల్లలకు నర్సరీ పెట్టారు. గాలి, స్నానం, తిండి, నిద్ర, ఆట, ఇవే అక్కడి పాఠాలు. మన దేశంలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945 నుండి మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లెపిల్లల కోసం ఇటువంటి పనే చేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకువెళ్ళారు. 1975 అక్టోబరు 2న ప్రభుత్వం మొదలుపెట్టిన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో కూడా తూకం, టీకా, గుడ్డు, ఆటపాటల చదువు ఒకే గడపలో ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. అంగన్‌వాడీ అంటే గుడ్ల కోసం వెళ్ళేచోటు అని మనవాళ్ళలో చులకన ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించే ఏర్పాటు అంగన్‌వాడీలకు ఉంది. గుండె రంధ్రం, గ్రహణం మొర్రి, చూపు, వినికిడి, ఎదుగుదలలో లోపాలు చూస్తారు. ఫీజు కట్టి ప్రైవేటు నర్సరీకి పంపిన బిడ్డ ఈ పరీక్ష తప్పిపోయే అవకాశం ఉంది. అక్కడికి పంపేవారు కనీసం ఏడాదికొకసారి బిడ్డ చూపు, వినికిడి, బరువు, ఎత్తు చూపించుకోండి. అయిదు దాటాక వేయవలసిన బూస్టరు టీకా కూడా చాలామంది మరచిపోతున్నారు.

ఒకటో తరగతిలో వెనకబడతాడేమో అని అడుగుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా పెట్టి, ఆటతో కూడిన చదువే చెప్పమన్నది. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్నది. విధానం ఒకటి, వీధిలో జరిగేది ఒకటి అని మాకూ తెలుసు. కొన్ని బళ్ళు చేర్చుకొనేటప్పుడు బిడ్డచేత రాయించి చూస్తున్నాయి. 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షను అటువంటి పరీక్షను నిషేధించింది. అడిగే ధైర్యం ఒక్క తల్లికి ఉండదు గాని, పదిమంది కలిసి వెళితే అడగవచ్చు. సంఘ పెద్దలు ఈ పని మీద వేసుకుంటే హోంవర్కు పెట్టించడం కంటే ఎక్కువ మేలు చేసినవారవుతారు.

ఇంటి దగ్గర సాయంత్రం "ఈరోజు ఏం రాశావు?" అనే బదులు "ఎవరితో ఆడావు?" అని అడిగి చూడండి. అన్నం ముద్దకొక వీడియో వద్దు. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు తెర చూడడం రోజుకు గంట మించకూడదని, ఇంకా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు నాలుగేళ్ళవారికి రోజుకు పది నుండి పదమూడు గంటల నిద్ర కావాలన్నది కూడా ఆ సలహాలోనిదే. రాత్రి పదకొండుకు పడుకొని ఏడింటికి వ్యాను ఎక్కే బిడ్డకు అది ఎక్కడినుండి వస్తుంది?

మన నర్సరీలో లోపాలు లేవని కాదు. ఆయమ్మ ఒక్కతే, ఇంకొకరు కావాలి. ఇసుకకు కప్పు లేక పిల్లులు పాడుచేస్తున్నాయి. వానాకాలంలో పిల్లలు వరండాలోనే ఇరుక్కుంటున్నారు. వీటి గురించి పెద్దలతో మాట్లాడుతున్నాము. రాత మాత్రం ఈ ఏడాది కూడా ఉండదు. అయిదు దాటి తనంతట తాను పలక అడిగే బిడ్డకు ఇస్తాము.

ప్రతి శనివారం ఉదయం తొమ్మిదిన్నర నుండి తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు ఎవరైనా వచ్చి పన్నెండు దాకా కూర్చొని చూడవచ్చు. చెప్పులు బయట వరుసలో పెట్టాలి. ఎక్కడ పెట్టాలో పిల్లలే చూపిస్తారు.