ఊపిరి లెక్కపెడదాం!

కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనవాళ్ళను నరికి చంపితే కేసులు పెట్టాం, కోర్టులకెక్కాం, దేశమంతా వినేలా అరిచాం. మరి మాలపల్లెల్లో, మాదిగవాడల్లో నెమ్ముతో పోయే పసిబిడ్డల సంగతేంటి? వాళ్ళకి కేసు లేదు, ముద్దాయి లేడు. 'గాలి సోకింది', 'రాత అంతే' అనుకుని పూడ్చిపెట్టి మర్నాడు కూలికి పోతున్నాం.

ఇది రాత కాదు. డాక్టర్లు న్యుమోనియా అనేది మన నెమ్మునే. క్రిములు ఊపిరితిత్తుల్లో చేరితే గాలి నిండాల్సిన చోట చీము, నీరు నిండుతాయి. గాలి చాలక బిడ్డ డొక్కలెగరేస్తుంది. వాతలు పెడితే, తాయెత్తు కడితే ఆ చీము పోదు. వాత పుండు మాత్రం మిగులుతుంది.

క్రిమికి కులం లేదు. కానీ ఒంటిగది కొంప, పొయ్యి పొగ, తిండి చాలని తల్లి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, ఆరు నెలలు నిండకుండానే చంటిదాన్ని వదిలి కూలికి పోవాల్సిన గతి - ఇవన్నీ ఎవరి వాడలో ఉన్నాయో వేరే చెప్పాలా?

నెమ్మును గుర్తుపట్టడానికి పెద్ద చదువులక్కర్లేదు. దగ్గుతున్న బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40 - ఆ అంకె చేరినా, దాటినా నెమ్ము కిందే లెక్క. ఆ రోజే పి.హెచ్.సి.కి తీసుకుపోవాలి. రెండు నెలల లోపు బిడ్డయితే పెద్దాసుపత్రికే. అమాక్సిసిలిన్ అనే చవక మందు వేళకు పడితే చాలామంది పిల్లలు ఇంటి దగ్గరే కోలుకుంటారు. తగ్గింది కదా అని మందు మధ్యలో ఆపొద్దు. తల్లిపాలు అసలే ఆపొద్దు.

డొక్క లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడున్నా, పెదాలు నీలబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది ఆక్సిజన్, ఆర్.ఎం.పి. సూది కాదు.

రాకుండా కాచే టీకాలూ ఉన్నాయి. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వేస్తారు. న్యుమోకోకల్ టీకా 6, 14 వారాలకు, మళ్ళీ 9 నెలలకు. ఈ రెండోది 2021లో దేశమంతటికీ వచ్చింది. రెండూ ఉచితమే.

కేంద్రం 2019లో నెమ్ము చావులు ఆపుతామని 'సాన్స్' అనే కార్యక్రమం పెట్టింది. సాన్స్ అంటే ఊపిరి. కాగితం మీది ఆ ఊపిరి మన వాడ దాకా వచ్చిందా? సంఘాల బాధ్యులు ఈ పక్షంలోనే పి.హెచ్.సి.కి వెళ్ళి అడగాలి: పిల్లల మందు నిలవ ఉందా? ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా? ఏఎన్ఎం వాడలోకి వస్తోందా, ఊళ్ళోనే ఆగిపోతోందా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. లేదంటే కదలకండి.

ఓట్లకు మన వాడ దారి తెలిసినవాళ్ళకు మందు తెచ్చే దారి తెలియదా? తెలిసేలా చేద్దాం. వాడవాడలో ఊపిరి లెక్కపెట్టే తల్లుల్ని తయారుచేద్దాం. మన బిడ్డల ఊపిరి మన హక్కు.

జై భీమ్!