నీళ్లతో పాటు నత్తలనూ పరీక్షించాలని వినతి

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టరు గారికి,

విషయం: హార్బరు పరిసరాల్లో లోహ కాలుష్యం, తరిగిపోతున్న సముద్రపు నత్తల గురించి.

అయ్యా,

మేము చేపల వేట మీద, గుల్లలు ఏరి అమ్ముకోవడం మీద బతికే కుటుంబాల వాళ్లం. రాళ్ల మీద నత్తలు తగ్గిపోయాయని మొరపెట్టుకున్నప్పుడల్లా ఒకటే జవాబు: నీటి నమూనాలు పరిమితికి లోబడే ఉన్నాయి. అది అబద్ధమని మేం అనడం లేదు. సీసా ముంచిన పూట నీరు అలాగే ఉండవచ్చు. పోటుతో వచ్చి ఆటుతో పోయే నీరది. లోహం దిగబడేది బురదలో. లోపలి హార్బరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఇరుకైన కాలువ. మేఘాద్రి గెడ్డ తెచ్చిందీ, ఓడల నుంచి రాలిందీ త్వరగా బయటికి పోదు.

నత్త చేపలా పారిపోలేదు. తిన్న కాడ్మియం, జింకు, రాగి దాని జీర్ణగ్రంథిలో పేరుకుంటాయి. దాని రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగే. మోతాదు మించితే అదే విషం. నత్తలను చంపడానికి మైలుతుత్తం వాడతారని వ్యవసాయ శాఖ వారికి మేం చెప్పనక్కర్లేదు.

తగరం సంగతి మరీ దారుణం. ఓడ అడుగుకు గుల్ల పట్టకుండా పూసే రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం కలిపేవారు. 1970లో ఇంగ్లండులోని ప్లిమత్ దగ్గర ఆడ నత్తలకు మగ అవయవం మొలవడం గమనించారు. కారణం ఈ రంగేనని 1980లలో తేలింది. ముదిరితే గుడ్ల దారి మూసుకుపోయి ఆడ నత్త చచ్చిపోతుంది. ఆ అవయవం మొలవడానికి వంద కోట్ల లీటర్ల నీటిలో సుమారు ఒక గ్రాము ట్రైబ్యూటైల్ టిన్ చాలు. అంతర్జాతీయ నిషేధం 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. అయినా పాత రంగు పెచ్చులు బురదలో ఏళ్ల తరబడి ఉంటాయి, తవ్వినప్పుడల్లా పైకి లేస్తాయి. బదులుగా వచ్చిన రంగుల్లో చాలావాటికి రాగే ఆధారం.

కాబట్టి హార్బరు లోపల, బయట, పోలికకు దూరపు తీరంలో నత్త మాంసాన్నీ బురదనూ ఏటా పరీక్షించాలి. ఆడ నత్తల్లో ఆ లోపం చూడడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, గుల్ల పగలగొట్టి భూతద్దం కింద పెడితే చాలు. నమూనాలు తీసేటప్పుడు మా వాళ్లను వెంట తీసుకెళ్లండి, ఏ రాయి మీద ఏముండేదో వాళ్లకు తెలుసు. ఓడల మరమ్మతులో గీకిన రంగును నీళ్లలో పడకుండా పట్టించాలి. పరీక్షించని బురదను వేట సాగే చోట పోయనివ్వకూడదు. ఫలితాలను తెలుగులో జెట్టీ దగ్గర అంటించాలి.

ఇంకొక్క మాట. లోహం ఉందని తేలితే మా అమ్మకాలు ఆపించి చేతులు దులుపుకోవద్దు. మాకు రావలసిన పరిహారాన్ని కూడా ఆ ఉత్తర్వులోనే చేర్చండి.

ఇట్లు,
విశాఖ తీర మత్స్యకార కుటుంబాలు