జాలరికి అందే కబురు పైలట్‌కి అందదా?

చిన్న విమానాల ఊసెత్తితే చాలు, "డబ్బున్నోళ్ళ సరదా, మనకెందుకు?" అంటారు మనవాళ్ళు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో కూలిన బెల్ 430 హెలికాప్టర్ సరదాకి ఎగరలేదండీ. అందులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. ఉదయం 8:38కి బేగంపేటలో లేచింది. గంట తిరక్కుండానే జాడ లేదు. మర్నాటిగ్గానీ శకలాలు దొరకలేదు.

దర్యాప్తులో ఏం తేలింది? ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే, ఏం చెయ్యాలో పైలట్లు మాన్యువల్లో వెతుకుతూ ఉన్నారు. ఇంతలో బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పింది.

"రాడార్ ఉందిగా?" అంటారా? ఉంది. కానీ విమానంలో రాడార్ ముందున్నదే చూస్తుంది. కుండపోత వాన వెనకాల ఏముందో దానికి సరిగ్గా కనబడదు. పైగా దాన్ని చూస్తూ కూర్చోడానికి ఓ మనిషి కావాలి. నేల మీది డాప్లర్ రాడార్లు అలా కాదు, నాలుగు వైపుల నుంచీ మబ్బుని చూస్తాయి. వాతావరణ శాఖ ఆ బొమ్మల్ని వెబ్‌సైట్లో పెడుతుంది కూడా. ఎల్బీనగర్ రింగు దగ్గర బస్సు కోసం నిలబడి, దిల్‌సుఖ్‌నగర్ మీద మబ్బుందో లేదో నేను ఫోన్లో చూసుకోగలను. అడవి మీద ఎగిరేవాడికి ఫోన్ సిగ్నల్ ఎక్కడిది? విమానాశ్రయాల రేడియో ప్రసారం ఆ చుట్టుపక్కలే వినబడుతుంది.

అమెరికాలో ఇదే సమాచారాన్ని 978 మెగాహెర్ట్జ్ మీద ఉచితంగా ప్రసారం చేస్తారు. చందా లేదు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుతో రిసీవర్ సొంతంగా చేసుకునేవాళ్ళూ ఉన్నారు.

మనకి అంత స్థోమత లేదనకండి. అసలు మండేది ఇక్కడే. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం 'గగన్' కట్టాయి. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2019లో 'జెమిని' పరికరం తెచ్చి, అదే గగన్ ఉపగ్రహాల ద్వారా నడిసముద్రంలో జాలర్లకి తుఫాను హెచ్చరికలు పంపింది. భేష్! మరి విమానాల కోసం కట్టిన దాంట్లోంచి జాలరికి కబురందించగలిగినవాళ్ళు, పైలట్‌కి ఎందుకు అందించరు?

"బొమ్మలు పంపేంత దారి లేదు" అంటారేమో. బొమ్మెందుకండీ? ఎనిమిది మూలల ప్రమాద ప్రాంతానికి పదహారు అంకెలు, ఒక సమయం చాలు. ఇంతకంటే పెద్ద మెసేజీలు మనం పొద్దున్నే గుడ్ మార్నింగులకి పంపుకుంటాం.

ఒక చిక్కు మాత్రం నిజం. తెర మీద చూపే వయసు కన్నా రాడార్ సమాచారం 15-20 నిమిషాలు పాతదై ఉండొచ్చని 2012లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ హెచ్చరించింది. అందుకే ఇది మబ్బుల మధ్య సందు వెతుక్కోడానికి కాదు, ముందే పక్కకి తప్పుకోడానికి. అది ఉండుంటే ఆ అయిదుగురూ బతికేవారని నేననను. కానీ జనం సొమ్ముతో పోగేసిన సమాచారం, అది అత్యవసరమైన చోటికే చేరకపోవడాన్ని "విధి" అంటే మాత్రం ఒప్పుకోను. అది విధి కాదు, నిర్లక్ష్యం.